గడువు ముందా, ప్లగ్గు ముందా?

2025 జులై 1న ఢిల్లీ పెట్రోల్ బంకుల్లో కొత్త నియమం మొదలైంది. బండి బంకులోకి రాగానే కెమెరా నంబర్ ప్లేటు చదువుతుంది. పెట్రోల్ బండికి పదిహేనేళ్లు, డీజిల్ బండికి పదేళ్లు దాటినట్టు తేలితే ఇంధనం పొయ్యరు. పక్కనే పోలీసులు, రవాణా శాఖ సిబ్బంది నిలబడ్డారు. మూడో రోజుకే ఢిల్లీ ప్రభుత్వం ఈ ఆంక్షను ఆపమని గాలి నాణ్యత కమిషన్‌కి లేఖ రాసింది. ఆగస్టు 12న సుప్రీంకోర్టు, వయసు ఒక్కటే చూసి యజమానుల మీద కఠిన చర్యలు తీసుకోవద్దంది. డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4 పొగ ప్రమాణానికి, ఆ తర్వాతి ప్రమాణాలకి తయారైన బండ్లకే పరిమితం చేసింది.

ఈ ఆంక్షకి ఎలక్ట్రిక్ కార్లతో నేరుగా సంబంధం లేదు. కానీ పెట్రోల్ కారు రోడ్డు దిగాల్సిందేనని ప్రభుత్వం గట్టిగా అంటే మామూలు కుటుంబాలు ఎలా తీసుకుంటాయో అక్కడ బయటపడింది. పదహారేళ్ల కిందట అప్పు చేసి కొన్న కారు. ఏటా సర్వీసింగ్ చేయించారు, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది, లక్ష కిలోమీటర్లు కూడా తిరగలేదు. అలాంటి బండి ఉన్న రిటైర్డ్ ఉద్యోగికి, తన కారు ఒక ఉదయం నుంచి తుక్కు అయిందంటే ఎలా ఉంటుంది? గాలి బాగుపడాలని ఆయనకీ ఉంటుంది. ఆ ఖర్చంతా తన ఒక్కడి నెత్తిన పడటమే ఆయన బాధ. పెట్రోల్ కార్లను తప్పించి ఎలక్ట్రిక్ కార్లు తేవాలన్న విధానం మీద ఉన్న భయాలను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే, చాలావాటి అడుగున ఉన్నది ఈ ఖర్చు ఎవరిదన్న ప్రశ్నే.

పెట్రోల్ కార్ల అమ్మకాన్ని ఫలానా తేదీ నుంచి ఆపేస్తామని మన దేశంలో చట్టమేమీ లేదు. 2030 కల్లా అమ్మే బండ్లన్నీ ఎలక్ట్రిక్‌వే కావాలన్న మాట 2017 ప్రాంతంలో కేంద్ర మంత్రుల నోట గట్టిగానే వినిపించింది. 2019లో నీతి ఆయోగ్ ఇంకో అడుగు ముందుకేసి, 2023 నుంచి త్రీ వీలర్లు, 2025 నుంచి 150 సీసీ లోపు టూ వీలర్లు ఎలక్ట్రిక్‌వి మాత్రమే అమ్మాలని ప్రతిపాదించింది. బజాజ్, టీవీఎస్, హీరో కంపెనీలు గట్టిగా అడ్డం తిరిగాయి. ప్రతిపాదన అటకెక్కింది. ఇప్పుడున్న లక్ష్యం, 2030 నాటికి కొత్త ప్రైవేటు కార్లలో 30 శాతం ఎలక్ట్రిక్‌వి కావాలని.

బయట దేశాల్లోనూ ఇదే ఊగిసలాట. బ్రిటన్ 2030 అంది, 2023 సెప్టెంబరులో 2035కి జరిపింది, ప్రభుత్వం మారాక మళ్లీ 2030కి వచ్చి హైబ్రిడ్లకి మాత్రం 2035 దాకా వెసులుబాటు ఇచ్చింది. 2035 నుంచి పొగ వదిలే కొత్త కారే ఉండకూడదని చట్టం చేసిన ఐరోపా యూనియన్‌లో, ఆ వంద శాతం పొగ కోతను తొంభై శాతానికి తగ్గిద్దామని 2025 డిసెంబరులో యూరోపియన్ కమిషనే ప్రతిపాదించింది. జర్మనీ 2023 డిసెంబరులో సబ్సిడీని ఉన్నట్టుండి ఆపేస్తే మరుసటి ఏడాది ఎలక్ట్రిక్ కార్ల అమ్మకాలు 27 శాతం పడిపోయాయి. నార్వే మాత్రం నిషేధం జోలికి పోకుండా పెట్రోల్ కార్ల మీద భారీ పన్నులు వేసి, ఎలక్ట్రిక్ కార్లకి ఏళ్ల తరబడి పన్ను మినహాయించి, 2024లో అమ్మిన కొత్త కార్లలో దాదాపు 89 శాతం ఎలక్ట్రిక్‌వే అయ్యేలా చేసింది. అయితే నార్వే జనాభా 55 లక్షల చిల్లర. కరెంటు దాదాపు అంతా నీటి నుంచి వస్తుంది. మన హైదరాబాద్ ఒక్కటే అంతకన్నా పెద్దది.

అందరూ మొదట అడిగేది రేంజి గురించే, అంటే ఒకసారి చార్జ్ చేస్తే ఎంత దూరం పోతుందని. నిజానికి అంతకన్నా ముందు అడగాల్సింది కారు రాత్రి ఎక్కడ పడుకుంటుందని. సొంత ఇల్లు, గేటు లోపల పార్కింగ్, గోడకి 15 యాంప్స్ సాకెట్ ఉన్నవాళ్ల లెక్క వేరు. అద్దెకుంటూ వీధిలో బండి పెట్టుకునేవాళ్ల లెక్క వేరు.

ఆ తేడా రూపాయల్లో చూద్దాం. నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగే మధ్యస్థాయి కారు అనుకుందాం. పెట్రోల్‌ది లీటరుకి 16 ఇస్తే నెలకి అరవై రెండున్నర లీటర్లు. హైదరాబాద్‌లో లీటరు 107 రూపాయల లెక్కన 6,700 దాకా అవుతుంది. అదే సైజు ఎలక్ట్రిక్ కారుకి, చార్జింగ్‌లో వృథా అయ్యేది కూడా కలిపి సుమారు 160 యూనిట్లు కావాలి. ఇంటి మీటరు నుంచి తీసుకుంటే, పై స్లాబులో పడి యూనిట్ పది రూపాయలైనా 1,600. నెలకి ఐదు వేలు మిగులు. అదే 160 యూనిట్లు బయట ఫాస్ట్ చార్జర్ దగ్గర యూనిట్ 20 రూపాయలకి, దాని మీద 18 శాతం జీఎస్టీతో కొంటే దాదాపు 3,800. మిగిలేది 2,900.

ఎలక్ట్రిక్ కారుకి మొదట్లో మూడు లక్షలు ఎక్కువ పెట్టారనుకుంటే, సొంత ప్లగ్గు ఉన్నవారికి ఆ డబ్బు ఐదేళ్లలోపు తిరిగి వస్తుంది. ప్లగ్గు లేనివారికి ఎనిమిదిన్నరేళ్లు పడుతుంది. బ్యాటరీ వారంటీ ఎక్కువ కార్లకి ఎనిమిదేళ్లు. అంటే ఆ డబ్బు రాబట్టుకునేసరికి బ్యాటరీ పూచీ కూడా తీరిపోతుంది. ఒకే కారు, ఒకే ఊరు, ఒకే దూరం. ఉన్నవారికి చౌకగా, లేనివారికి ఖరీదుగా పడుతోంది. పెట్రోల్ విషయంలో ఇలా ఉండదు. బంజారాహిల్స్‌లో పోయించుకున్నా బోరబండలో పోయించుకున్నా రేటు ఒకటే.

పన్ను రాయితీలు ఈ తేడాని కొంత తగ్గిస్తాయి, కానీ చెరిపెయ్యవు. తెలంగాణ 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా ఎలక్ట్రిక్ బండ్లకి రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది. పది లక్షలు దాటిన పెట్రోల్ కారుకి లైఫ్ ట్యాక్స్ 17 శాతానికి తక్కువ ఉండదు కాబట్టి ఇది పెద్ద మొత్తమే. ఇంకోపక్క 2025 సెప్టెంబరు 22న చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఎలక్ట్రిక్‌కి 2019 నుంచీ 5 శాతమే. ఒక చేత్తో పెంచిన ఆధిక్యాన్ని ఇంకో చేత్తో కొంత తగ్గించినట్టయింది.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి వస్తే సమస్య డబ్బుది మాత్రమే కాదు. కామన్ మీటర్ నుంచి చార్జింగ్ పెడితే బిల్లు ఎవరిదన్న తగాదా. ఫ్లాటు మీటర్ నుంచి కేబుల్ కిందికి లాగుతామంటే అసోసియేషన్ అభ్యంతరం. అడిగేది అద్దెవాళ్లయితే ఓనరు ఒప్పుకోవాలి, ఆ తర్వాత అసోసియేషన్ ఒప్పుకోవాలి. అన్నిటికీ మించి అగ్గి భయం.

ఆ భయాన్ని అజ్ఞానం అని కొట్టిపారేయడం తప్పు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. అదే నెలలో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒక వృద్ధుడి ప్రాణం పోయింది. ఆ ఏడాది సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో లేచిన మంట, పొగ పై అంతస్తుల్లోని లాడ్జికి పాకి ఎనిమిది మంది చనిపోయారు. తెలుగు ఊళ్లలో ఈ సంగతులు పేపర్లో చదివి మర్చిపోయేవి కావు. సెల్లార్‌లో చార్జర్ అనగానే అసోసియేషన్ మీటింగులో ఎవరో ఒకరు వీటిని గుర్తు చేస్తారు.

అయితే ఆ తర్వాత మారింది కూడా చెప్పాలి. 2022 డిసెంబరు నుంచి, 2023 మార్చి చివరి నుంచి రెండు దశల్లో బ్యాటరీ భద్రత ప్రమాణాలు బిగించారు. ఒక సెల్‌లో వేడి పెరిగితే పక్క సెల్‌కి పాకకుండా ఆపే ఏర్పాటు, ముందే హెచ్చరించే వ్యవస్థ ఉండాల్సిందే. పైన చెప్పిన ప్రమాదాలన్నీ స్కూటర్లవి. కార్లలో బ్యాటరీ చుట్టూ ఎక్కువ రక్షణ, చాలావాటిలో ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉంటాయి. మన మార్కెట్లో ఎక్కువ కార్లు వాడుతున్న ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీలు వేడిని మెరుగ్గా తట్టుకుంటాయి. పెట్రోల్ కూడా మండేదే, దానితో మనం వందేళ్లుగా సర్దుకున్నాం. కానీ బ్యాటరీ మంట ఆరినట్టే ఆరి మళ్లీ లేస్తుంది, మామూలు అగ్నిమాపక డబ్బాతో లొంగదు. రామగుండంలో, ఖమ్మంలో 45 డిగ్రీలు దాటే మే నెలలో, గాలి ఆడని సెల్లార్‌లో, పాత వైరింగ్ మీద ఎనిమిది గంటలు చార్జింగ్ పెట్టడం గురించి టెన్షన్ పడటం న్యాయమే. దానికి మందు సరైన వైరింగ్, ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆపేసే స్విచ్), ఎర్తింగ్, వెంటిలేషన్. బోర్డు పెట్టి "ఇక్కడ చార్జింగ్ నిషేధం" అనడం కాదు.

ఇక దూరం సంగతి. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. 30 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు, నలుగురు కూర్చుని ఏసీ వేసుకుని హైవే మీద పోతే 200 నుంచి 220 ఇస్తుంది. నందిగామ దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. 45 యూనిట్లు, ఆపైన బ్యాటరీ ఉంటే సాఫీగా చేరుతారు. మామూలు రోజుల్లో సూర్యాపేటలో టీ తాగేలోపు కావాల్సినంత ఎక్కించుకోవచ్చు. కష్టం సంక్రాంతికి. పెట్రోల్ బంకులో ఒక కారుకి ఐదు నిమిషాలు పడుతుంది. అంటే ఒక్క పంపు గంటకి పన్నెండు కార్లని పంపుతుంది. ఫాస్ట్ చార్జర్ దగ్గర ఒక కారుకి యాభై నిమిషాలనుకుంటే, పది చార్జింగ్ గన్నులున్న స్టేషన్ మొత్తం కలిసి ఆ ఒక్క పంపు పని చేస్తుంది. పంతంగి టోల్‌గేట్ దగ్గర పండగ ముందు రోజు వరస ఎలా ఉంటుందో చూసినవాళ్లకి, అందులో మూడో వంతు కార్లు చార్జర్ వెతుక్కునేవైతే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఊరు చేరాక మరో చిక్కు. పాత ఇళ్లలో ఎర్తింగ్ సరిగ్గా ఉండదు. ఎర్తింగ్ లేకపోతే చాలా ఎలక్ట్రిక్ కార్లు చార్జింగ్ తీసుకోవు.

హైవేకి రెండు పక్కలా ఇరవై కిలోమీటర్లకో స్టేషన్ ఉండాలని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలున్నాయి. స్టేషన్ ఉండటం ఒకటి, అందులో గన్ను పనిచెయ్యడం ఇంకొకటి. యాప్‌లో పచ్చగా కనిపించి, వెళ్తే చచ్చిపడున్న చార్జర్ చేసే నష్టం మామూలుది కాదు. ఒకసారి నడిరాత్రి పిల్లలతో అలా ఇరుక్కున్న కుటుంబం ఇంకో పది కుటుంబాలకి ఆ సంగతి చెబుతుంది.

"ఎలక్ట్రిక్ కారంటే బొగ్గుతో నడిచే కారే కదా" అన్న వాదనలో సగం నిజం ఉంది. దేశంలో తయారయ్యే కరెంటులో సుమారు ముప్పావు వంతు బొగ్గుదే. ఐసీసీటీ అనే అంతర్జాతీయ పరిశోధన సంస్థ 2021లో, కారు తయారీ నుంచి తుక్కు దాకా మొత్తం కార్బన్ లెక్కేసింది. పెట్రోల్ కారుతో పోలిస్తే ఎలక్ట్రిక్ కారు ఐరోపాలో 66 నుంచి 69 శాతం తక్కువ వదిలితే, భారత్‌లో 19 నుంచి 34 శాతమే తక్కువని తేల్చింది. తక్కువే, కానీ ఐరోపా అంత తక్కువ కాదు. గ్రిడ్‌లో సోలార్, గాలి కరెంటు పెరిగే కొద్దీ అదే కారు ఏటేటా శుభ్రమవుతుంది. పెట్రోల్ కారుకి ఆ అవకాశం లేదు.

ఈ చర్చలో ఎప్పుడూ వెనక్కిపోయే మాట ఒకటుంది. అమీర్‌పేటలో తగ్గిన పొగ పాల్వంచలో, రామగుండంలో, దామరచర్లలో పెరగొచ్చు. థర్మల్ కేంద్రాల చుట్టూ బూడిద పీల్చే ఊళ్లకి ఎలక్ట్రిక్ కారు కొనే స్థోమత లేదు. నగరం గాలి బాగుపడటం మంచిదే, కానీ ఆ ధర ఇంకెవరో చెల్లిస్తుంటే మంచిదని ఊరుకోలేం. అందుకే కారు ఏ వేళప్పుడు చార్జ్ అవుతుందన్నది పెద్ద విషయం. రాత్రి పూట గ్రిడ్‌లో ఉండేది ఎక్కువగా బొగ్గు కరెంటే. మధ్యాహ్నం ఓర్వకల్లు లాంటి చోట్ల సోలార్ పలకలు నిండుగా పనిచేస్తుంటాయి. ఆ వేళకి కార్లన్నీ హైటెక్ సిటీ ఆఫీసుల పార్కింగుల్లో ఊరికే నిలబడి ఉంటాయి. ఆఫీసుల్లో ప్లగ్గు, పగటి కరెంటుకి తక్కువ రేటు ఇస్తే బొగ్గు వాదన బలం చాలావరకు పోతుంది. ఇంట్లో ప్లగ్గు లేని అద్దెవాళ్ల కష్టమూ కొంత తీరుతుంది.

దిగుమతుల బాధ కూడా రూపం మార్చుకుంటుంది. ముడిచమురులో 85 శాతం పైన బయటి నుంచే తెచ్చుకుంటున్నాం, అది తగ్గుతుంది. బదులుగా బ్యాటరీ సెల్స్, మోటార్లలో అయస్కాంతాలకి కావాల్సిన అరుదైన ఖనిజాలు చైనా నుంచి రావాలి. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రకాల ఖనిజాల ఎగుమతిపై ఆంక్ష పెడితే మన దగ్గర ఎలక్ట్రిక్ బండ్ల తయారీకి వెంటనే సెగ తగిలింది. జమ్మూలోని రియాసీలో లిథియం ఉందని 2023లో ప్రకటించినా, వేలానికి చాలినంత మంది ముందుకు రాలేదు. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమర రాజా కడుతున్న బ్యాటరీ పరిశ్రమ లాంటివి నిలదొక్కుకోవాలి. కాకపోతే చమురు ఒకసారి కాలిస్తే అయిపోతుంది, బ్యాటరీలోని లోహాన్ని మళ్లీ తీసుకోవచ్చు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు ఆ బాధ్యత తయారీదారుల మీద పెట్టాయి.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక పొద్దున నడిస్తే ఈ మార్పులో అందరికన్నా ముందు నష్టపోయేది ఎవరో కనిపిస్తుంది. రేడియేటర్ బాగుచేసేవాళ్లు, క్లచ్ ప్లేట్లు మార్చేవాళ్లు, సైలెన్సర్ వెల్డింగ్ చేసేవాళ్లు, ఇంజిన్ బోరింగ్ చేసే లేత్ వర్క్‌షాపులు, హైదరాబాద్ పుత్లీబౌలిలో ఫిల్టర్లు, పిస్టన్ రింగులు అమ్మే దుకాణాలు. ఎలక్ట్రిక్ కారులో వీటిలో చాలావరకు ఉండవు. ఇంజిన్ ఆయిల్ ఉండదు, స్పార్క్ ప్లగ్గు ఉండదు, టైమింగ్ బెల్టు ఉండదు. టైర్లు, బ్రేకులు, సస్పెన్షన్, బాడీ పని మిగులుతాయి.

పద్నాలుగేళ్లకి పానా పట్టి, చెవితోనే ఇంజిన్ జబ్బు కనిపెట్టే స్థాయికి ఎదిగిన మెకానిక్కుకి, మూడు నాలుగు వందల వోల్టుల బ్యాటరీ ముందు ఆ విద్య పనికిరాదు. నేర్పితే నేర్చుకుంటాడు. కార్బురేటర్ నుంచి ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారినప్పుడు ఈ మెకానిక్కులు ఎవరి కోర్సులూ లేకుండానే నేర్చుకున్నారు. ఈసారి అడ్డం పడేది వేరే ఉంది. లోపం ఎక్కడుందో చెప్పే సాఫ్ట్‌వేర్ కంపెనీ సర్వీస్ సెంటర్లోనే ఉంటుంది. బయటి మెకానిక్కుకి అది తెరుచుకోదు. రిపేరు సమాచారం బయటివాళ్లకి ఇచ్చి తీరాలన్న నిబంధన రాకుండా పెట్రోల్ కార్లు తగ్గిపోతే, ఆటోనగర్‌లో పని పోవడం ఒక్కటే కాదు, కారు యజమాని కూడా కంపెనీ చెప్పిన రేటుకే కట్టుబడాలి.

దీనికి ముడిపడే ఉంది సెకండ్ హ్యాండ్ సంగతి. మధ్యతరగతిలో ఎంతోమందికి మొదటి కారు ఇంకొకరు ఆరేడేళ్లు వాడినదే. కొనేముందు తెలిసిన మెకానిక్కుని వెంట తీసుకెళ్తారు. ఆయన బానెట్ ఎత్తి, పొగ రంగు చూసి, ఒక రౌండు తిప్పి "తీసుకోండి సార్" అంటే కొంటారు. ఏడేళ్ల ఎలక్ట్రిక్ కారులో బ్యాటరీ ఇంకా ఎంత మిగిలిందో బయటికి కనిపించదు. బ్యాటరీ మార్చాలంటే ఖర్చు లక్షల్లో. 2010లో యూనిట్ సామర్థ్యానికి 1,100 డాలర్ల పైన ఉన్న బ్యాటరీ ధర 2024 నాటికి 115 డాలర్లకి వచ్చింది కాబట్టి ముందు ముందు ఈ భారం తగ్గుతుంది. ఈలోగా, స్వతంత్ర సంస్థ పరీక్షించి ఇచ్చే బ్యాటరీ ఆరోగ్య పత్రం లేకుండా పాత ఎలక్ట్రిక్ కారు కొనడం గుడ్డి బేరమే. కొత్త కారు కొనలేనివాళ్లకి పాతది కూడా నమ్మకంగా దొరకని పరిస్థితిలో పెట్రోల్ కారుని తప్పించడం అంటే, కారే వద్దని చెప్పినట్టు.

ప్రభుత్వాలకి కూడా ఒక భయం ఉంది, బయటికి చెప్పరు. తెలంగాణలో పెట్రోల్ మీద వ్యాట్ 35.2 శాతం, లీటరుకి సుమారు 28 రూపాయలు. పైన చెప్పిన వెయ్యి కిలోమీటర్ల కారు రాష్ట్ర ఖజానాకి నెలకి 1,700 పైన ఇస్తోంది. అది ఎలక్ట్రిక్ అయితే ఆ ఆదాయం దాదాపు పోతుంది, రోడ్డు ట్యాక్సు ముందే మాఫీ. రోడ్లు వేయడానికి డబ్బు ఎక్కడో చోట పుట్టాలి కాబట్టి, ఏదో ఒకరోజు కిలోమీటరుకి ఇంతని పన్నో, చార్జింగ్ మీద సుంకమో రాక తప్పదు. ఈ సంగతి ఇప్పుడే చెబితే కొనేవాళ్లు లెక్క వేసుకుంటారు. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ విషయంలో, 2023కి ముందు వచ్చిన బండ్ల యజమానులు మైలేజీ గురించి గోల పెట్టడం చూశాం. ఆ కోపంలో సగం, ముందుగా తమతో ఎవరూ మాట్లాడలేదన్నదే.

వద్దనడానికి ఇన్ని కారణాలున్నా మార్పు మాత్రం రావాల్సిందే. ఎక్కడ మొదలుపెట్టాలన్నదే ప్రశ్న. మామూలు కుటుంబం కారు రోజుకి ముప్పై కిలోమీటర్లు తిరుగుతుంది. సిటీ బస్సు సుమారు రెండు వందలు, ఆటో వంద తిరుగుతాయి. ఒక్క బస్సు మారితే తగ్గే పొగ, పదుల కార్లు మారితే తగ్గినంత. అవి రాత్రికి డిపోకో, తెలిసిన చోటుకో చేరతాయి, చార్జింగ్ ఏర్పాటు తేలిక. దేశంలో ఇప్పటికే అమ్ముడవుతున్న త్రీ వీలర్లలో సగానికి పైగా ఎలక్ట్రిక్‌వి, ఏ నిషేధమూ లేకుండానే. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ అనే ఎలక్ట్రిక్ బండ్ల ప్రోత్సాహక పథకం కింద హైదరాబాద్‌కి 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించింది. ఢిల్లీలో బస్సులు సీఎన్జీకి మారాలని సుప్రీంకోర్టు 1998లో ఆదేశిస్తే, గ్యాసు బంకులు చాలక జనం, డ్రైవర్లు పడరాని పాట్లు పడ్డారు. 2001 మార్చికి అనుకున్నది పూర్తవడానికి 2002 చివరి దాకా పట్టింది. గాలి బాగుపడింది నిజమే. బంకులు ముందు పెట్టి తేదీ తర్వాత చెప్పి ఉంటే ఆ వరసల్లో అంతమంది డ్రైవర్ల కూలి పోయేది కాదు.

కార్లకి ఆ బంకు పాత్ర పోషించేది ఇంటి ప్లగ్గే. 2019లో కేంద్రం నమూనా భవన నిబంధనలు మార్చి, కొత్త భవనాల పార్కింగ్‌లో 20 శాతం జాగాకి చార్జింగ్ ఏర్పాటు ఉండాలంది. 2024 ఫిబ్రవరిలో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించి, చార్జింగ్ కోసం విడిగా కనెక్షన్ అడిగే హక్కు ఇచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లోనో విజయవాడ పటమటలోనో 1990ల్లో కట్టిన అపార్ట్‌మెంట్‌కి మొదటిది వర్తించదు. రెండోది వర్తించినా, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) మీటరు ఇచ్చాక ఆ మీటరు నుంచి సెల్లార్‌లో తన కారు దాకా కేబుల్ వేసుకోనివ్వాలా వద్దా అన్నది ఇంకా అసోసియేషన్ సెక్రటరీ చేతిలోనే ఉంది. అద్దెకున్న మనిషి ఎవరికి దరఖాస్తు పెట్టాలి, వైరింగ్ భద్రత ఎవరు తనిఖీ చేయాలి, కాదంటే ఎన్ని రోజుల్లో ఎవరు తేల్చాలి అన్నవి రాష్ట్ర ప్రభుత్వం ఒక్క ఉత్తర్వులో రాయగలిగిన విషయాలు.